ప్రీస్ట్రెస్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్కని నమ్మేముందు ఏమేం చెక్ చేయాలి?

పెన్నా_గట్టు
నెల్లూరులో చిన్న కన్సల్టెన్సీలో డిజైన్ చూస్తాను. కాలువ మీద వంతెన, 20 మీటర్ల స్పాన్, పోస్ట్‌టెన్షన్ గర్డర్లు (కాంక్రీట్ గట్టిపడ్డాక లోపలి ఉక్కు కేబుళ్లని లాగి బిగించేవి). ఈ ఏడాది ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు, ప్రీస్ట్రెస్ (లాగిన కేబుళ్లు కాంక్రీట్‌ని ముందే నొక్కి ఉంచడం) లెక్క కూడా దాంట్లోనే చేశాం. ప్రూఫ్ చెకింగ్‌కి (డిజైన్‌ని ఇంకో ఇంజనీరు తనిఖీ చేయడం) పంపితే మొదటి కామెంటే ఇలా వచ్చింది: "ప్రీస్ట్రెస్ మాడ్యూల్‌ని మీరు ఎలా వెరిఫై చేసుకున్నారో చూపించండి."

కంపెనీ ఇచ్చిన వెరిఫికేషన్ మాన్యువల్ జత చేసి పంపెయ్యమంటున్నారు మా సార్. అందులో ఉన్న ఉదాహరణలు చూశాను. సగం వాటిలో ప్రీస్ట్రెస్సే లేదు. ఉన్నవి కూడా మన కోడ్ ప్రకారం లేవు. అది పంపితే ఫైలు కదులుతుందేమో కానీ నాకు మనసొప్పడం లేదు. నిజంగా వెరిఫై చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్ని ప్రాబ్లమ్స్ చేస్తే చాలు?

ఒంగోలు_రాఫ్టర్
మాన్యువల్ పంపండి. అందరూ అదే పంపుతారు. దేశమంతా వాడే సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తుందా? టైమ్ వేస్ట్.

రిటైర్డ్_ఈఈ_కావలి
రాఫ్టర్ గారూ, ఆ మాట ఒప్పుకోను. కంపెనీ వాళ్లు వాళ్ల వెర్షన్ మీద, వాళ్ల సెట్టింగులతో, వాళ్లు ఎంచుకున్న ప్రాబ్లమ్స్ చేసి చూపించారు. ఈ అమ్మాయి వాడింది వేరే వెర్షన్ కావచ్చు, కోడ్ ఐఆర్‌సీ 112 (మన కాంక్రీట్ వంతెనల కోడ్), కేబుల్ ప్రొఫైల్ ఆమె వేసినది. ప్రూఫ్ చెకర్ అడిగింది కూడా "మీరు ఎలా వెరిఫై చేసుకున్నారు" అని. ప్రశ్నలో "మీరు" అని ఉన్నప్పుడు జవాబు కంపెనీది ఇస్తే ఎలా?

సర్వీసులో ఉన్నప్పుడు నా దగ్గరికి వచ్చిన డిజైన్లలో లావుపాటి ప్రింటవుట్లు చాలా చూశాను. వాటిలో చేతి లెక్క ఒక్క పేజీ ఉన్న ఫైలే ముందు తీసి చదివేవాణ్ణి.

జాక్_మాస్టర్
గూడూరు సైడు సైట్లు చూస్తా. మీరు ఎంత లెక్క వేసుకున్నా చివరికి చెప్పేది కేబుల్ లాగే జాక్. కేబుల్ లాగితే ఎలాంగేషన్ (సాగిన పొడవు) వస్తుంది, డ్రాయింగ్‌లో రాసిన దానికి 5 శాతం లోపల ఉంటే డిజైన్ సరిగ్గా ఉన్నట్టే. ఆఫీసులో కూర్చుని సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం ఎందుకో అర్థం కాదు.

లెక్కల_పంతులు
ఒంగోలులో ఇంజనీరింగ్ పిల్లలకి ప్రీస్ట్రెస్ చెప్తాను. పెన్నా_గట్టు మేడమ్, మీ వంతెన గర్డర్‌తో మొదలుపెట్టొద్దు. దాంట్లో పది విషయాలు కలిసి ఉంటాయి, తేడా వస్తే ఎక్కడిదో తెలియదు. జవాబు ముందే తెలిసిన బీమ్ ఇవ్వండి. బియ్యం కొట్లో కాటా మీద ముందు తూకం రాయి పెట్టి చూస్తారే, అలాగ.

ఇది రాసుకోండి. 20 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీమ్. సెక్షన్ దీర్ఘచతురస్రం, వెడల్పు 400, ఎత్తు 1000 మి.మీ. కేబుల్ పారాబోలా, చివర్లలో ఎక్సెంట్రిసిటీ (ఈ, సెక్షన్ మధ్య గీత నుంచి కేబుల్ దూరం) సున్నా, మధ్యలో 300 మి.మీ. ఫోర్స్ (పి) 1600 కేఎన్ (కిలోన్యూటన్లు), నష్టాలన్నీ (లాగిన ఫోర్స్‌లో తగ్గేవి) సున్నా పెట్టండి. కాంక్రీట్ బరువు ఘనమీటరుకి 25 కేఎన్.

ఏరియా (ఏ) 4 లక్షల చదరపు మి.మీ., కాబట్టి పి బై ఏ 4 ఎంపీఏ (చదరపు మి.మీ.కి 4 న్యూటన్లు). సెక్షన్ మాడ్యులస్ జెడ్ 66.67 మిలియన్ ఘన మి.మీ. పి ఇంటూ ఈ 480 కేఎన్ మీటర్, దాన్ని జెడ్‌తో భాగిస్తే 7.2 ఎంపీఏ. సొంత బరువు మీటరుకి 10 కేఎన్, మూమెంట్ 500, స్ట్రెస్ 7.5. మధ్యలో కింద 4 + 7.2 − 7.5, అంటే 3.7 కంప్రెషన్. పైన 4 − 7.2 + 7.5, అంటే 4.3 కంప్రెషన్. సాఫ్ట్‌వేర్ దశాంశంతో సహా ఇదే చెప్పాలి. స్టాటిక్స్‌లో "దాదాపు" అనేది లేదు.

ఫైనలియర్_పిల్లోడు
సార్ పైనా కిందా కలిపితే 8 వచ్చింది. పి బై ఏ కి రెట్టింపు. ఎప్పుడూ అంతేనా?

లెక్కల_పంతులు
సెక్షన్ పైకీ కిందికీ సమానంగా ఉంటే అంతే. బెండింగ్ రెండు వైపులా కొట్టేసుకుంటుంది. ఐ గర్డర్ మీద స్లాబ్ వేశాక ఈ కొలత పనికిరాదు. కానీ ఇలాంటి అడ్డదారి చెకింగ్ అలవాటు చేసుకో నాయనా, మంచిది.

సింగరాయకొండ_ఎక్స్‌ప్రెస్
పంతులు గారు చెప్పిన దాన్నే ఇంకో దారిలో చూడొచ్చు. టి.వై. లిన్ 1963లో చెప్పిన లోడ్ బ్యాలెన్సింగ్. పారాబోలా కేబుల్ బీమ్‌ని పైకి నెడుతుంది: 8 ఇంటూ పి ఇంటూ ఈ, దాన్ని స్పాన్ స్క్వేర్‌తో భాగించాలి. 8 × 1600 × 0.3 ÷ 400 = మీటరుకి 9.6 కేఎన్. సొంత బరువు 10. మిగిలింది 0.4. దాని మూమెంట్ 20 కేఎన్ మీటర్, స్ట్రెస్ 0.3. 4 కి 0.3 కలిపితే పైన 4.3, తీసేస్తే కింద 3.7. రెండు దారుల్లో ఒకే చోటికి వచ్చాం, మధ్యలో కంప్యూటర్ లేదు.

పెన్నా_గట్టు
ఇప్పుడే రన్ చేశాను. పైన 4.30, కింద 3.70. ప్రాణం లేచొచ్చింది. కానీ సొంత బరువుకి డిఫ్లెక్షన్ (మధ్యలో కిందికి వంగేది) చేత్తో వేస్తే 19.8 మి.మీ. వస్తోంది, సాఫ్ట్‌వేర్ 18.9 అంటోంది. ఎం40 కాంక్రీట్, దాని గట్టిదనం చెప్పే ఈ విలువ (ఎలాస్టిక్ మాడ్యులస్) 5000 ఇంటూ రూట్ ఎఫ్‌సీకే (కాంక్రీట్ బలం, ఇక్కడ 40) తీసుకున్నాను. ఈ తేడా ఎందుకు?

ఒంగోలు_రాఫ్టర్
ఒక మి.మీ. కోసమా అండీ.

గుండ్లకమ్మ
ఒక మి.మీ. కోసమే రాఫ్టర్ అన్నా. స్ట్రెస్ సరిపోయి డిఫ్లెక్షన్ సరిపోలేదంటే లోడ్ బాగుంది, గట్టిదనం తేడాగా ఉందని అర్థం. అక్కా, సాఫ్ట్‌వేర్‌లో మెటీరియల్ ఏ కోడ్ నుంచి తీసుకున్నారు? ఐఆర్‌సీ 112 అయితే ఎం40కి ఈ విలువ 33 వేల పైన వస్తుంది. మీ చేతి లెక్కలో 31,623. అక్కడే 5 శాతం పోయింది.

పెన్నా_గట్టు
అదే తమ్ముడూ. 33.3 జీపీఏ ఉంది. దాన్ని 31,623కి మార్చి మళ్లీ రన్ చేస్తే 19.9 వచ్చింది. ఇంకా 0.1 ఎక్కువ.

లెక్కల_పంతులు
ఆ 0.1 షియర్ డిఫార్మేషన్. మన 5 డబ్ల్యు ఎల్ పవర్ 4 బై 384 ఈఐ ఫార్ములాలో బెండింగ్ ఒక్కటే ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్ షియర్ వల్ల వంగేది కూడా కలుపుతోంది. ఈ సెక్షన్‌కి అది సుమారు 0.11 మి.మీ. అంటే లెక్క పూర్తిగా సరిపోయింది. చూశారా, తేడా వచ్చిన చోట కారణం దొరికింది, సాఫ్ట్‌వేర్ లోపల ఏం చేస్తోందో మీకు తెలిసింది. రిపోర్టులో ఈ 0.1ని దాచొద్దు, కారణంతో సహా రాయండి. నేను ప్రూఫ్ చెకర్ అయితే అది చూసే నమ్ముతాను.

ప్రూఫ్_కళ్లద్దాలు
ప్రూఫ్ చెకింగ్ చేసే వాణ్ణే. పంతులు గారి మాట నిజం. అన్నీ వంద శాతం సరిపోయిన పట్టిక వస్తే చేతి లెక్క వేశారా, సాఫ్ట్‌వేర్ జవాబునే తిరిగి రాశారా అని అనుమానం వస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష చేయండి. అదే బీమ్‌కి ప్రీస్ట్రెస్ ఒక్కటే ఉంచి సపోర్ట్ రియాక్షన్లు చూడండి. సున్నా రావాలి. కేబుల్ పైకి నెట్టేది 9.6 × 20 = 192 కేఎన్. యాంకర్ దగ్గర కేబుల్ వాలు 0.06 రేడియన్లు, 1600తో గుణిస్తే ఒక్కో చివర 96 కేఎన్ కిందికి. 192 పైకి, 192 కిందికి. సాఫ్ట్‌వేర్ కేబుల్‌ని లోడ్‌గా మార్చేటప్పుడు యాంకర్ దగ్గరి నిలువు భాగం వదిలేస్తే, ఒక్కో సపోర్టుకి 96 కేఎన్ ఎక్కడినుంచో ఊడిపడుతుంది.

పెన్నా_గట్టు
సున్నా వచ్చింది సార్.

జాక్_మాస్టర్
అన్నీ బాగానే ఉన్నాయి కదా. నేను ముందే చెప్పాను.

గుండ్లకమ్మ
అన్నా, ఇంకా నష్టాల దగ్గరికే రాలేదు. నా అనుభవంలో గొడవంతా అక్కడే. సాల్వర్ తప్పు చేయడం అరుదు. మనం ఇచ్చే అంకెని అది ఏ అర్థంలో తీసుకుంటుందో అక్కడ తేడా వస్తుంది.

అక్కా, ఇప్పుడు ఘర్షణ పెట్టు. మ్యూ (వంపు దగ్గర ఘర్షణ గుణకం) 0.25, కె (గొట్టం అనుకోకుండా వంకరపోవడం వల్ల వచ్చే నష్టానిది) మీటరుకి 0.0046. మామూలు మెటల్ షీతింగ్‌కి (కేబుల్ వెళ్లే గొట్టం) ఐఆర్‌సీ 112లో ఉన్న విలువలు. ఒక చివర నుంచే లాగినట్టు పెట్టు. రెండో చివర ఫోర్స్ ఎంత తగ్గిందో చెప్పు. నేను చేత్తో వేసి ఉంచాను, ముందు నీ జవాబు రానీ.

పెన్నా_గట్టు
5.2 శాతం తగ్గింది.

గుండ్లకమ్మ
నాకు 11.5.

ఫైనలియర్_పిల్లోడు
అమ్మో

గుండ్లకమ్మ
కంగారు పడొద్దు, విప్పుదాం. మొత్తం కోణం మార్పు 0.12 రేడియన్లు. మన కోడ్ రూపం: ఈ (ఇక్కడ 2.718) పవర్ మైనస్, మ్యూ ఇంటూ కోణం ప్లస్ కె ఇంటూ దూరం. 0.25 × 0.12 = 0.03. 0.0046 × 20 = 0.092. రెండూ కలిపి 0.122. నష్టం 11.5 శాతం.

యూరోకోడ్ రూపంలో మ్యూ మొత్తాన్నీ గుణిస్తుంది, కె కూడా బ్రాకెట్ లోపలే ఉంటుంది. అక్కడ కె అంటే మీటరుకి ఎన్ని రేడియన్ల అనుకోని వంపు అని. దాంట్లో మన 0.0046 వేస్తే 0.25 × (0.12 + 0.092) = 0.053. నష్టం 5.2. అక్కకి వచ్చింది సరిగ్గా అదే. సాఫ్ట్‌వేర్ యూరోకోడ్ రూపం వాడుతోంది, అంకె మన కోడ్‌ది వెళ్లింది. అక్కడ ఇవ్వాల్సింది 0.0046 ని 0.25 తో భాగించి, 0.0184.

పెన్నా_గట్టు
0.0184 పెడితే 11.5 వచ్చింది! ఇన్‌పుట్ డబ్బాలో "కె" అని ఒక్క అక్షరం ఉంది, పక్కన మీటరుకి అని యూనిట్ ఉంది. రెండు రూపాల్లోనూ యూనిట్ అలాగే కనిపిస్తుంది కదా. ఇది చూసి ఎవరు కనిపెట్టగలరు?

రిటైర్డ్_ఈఈ_కావలి
ఎవరూ కనిపెట్టలేరు. అందుకే తెలిసిన జవాబుతో పరీక్ష పెట్టాలనేది. చదివితే తెలిసే తప్పయితే ఇంత దూరం రావాల్సిన పని లేదు.

ఒంగోలు_రాఫ్టర్
ఇది మాత్రం నేను ఊహించలేదు. మా దగ్గర వాడేది వేరే సాఫ్ట్‌వేర్, రేపు అదే బీమ్ వేసి చూస్తా.

జాక్_మాస్టర్
ఇలాంటిది ఉంటే సైట్‌లో ఎలాంగేషన్ పట్టేసేది. అందుకే జాక్‌ని నమ్మండి అంటున్నాను.

సింగరాయకొండ_ఎక్స్‌ప్రెస్
పట్టేది కాదు మాస్టరూ. లెక్క వేద్దాం. జాకింగ్ స్ట్రెస్ స్ట్రాండ్ (పేనిన ఉక్కు తీగ) బలం 1860లో 75 శాతం, 1395 ఎంపీఏ. స్ట్రాండ్ ఈ విలువ 195 జీపీఏ. సరైన ఘర్షణతో కేబుల్ పొడవునా సగటు స్ట్రెస్ సుమారు 1313, ఎలాంగేషన్ 135 మి.మీ. తప్పు కె తో డ్రాయింగ్‌లో రాసేది 139. సైట్‌లో 135 వస్తే తేడా మూడున్నర శాతం కూడా లేదు. 5 శాతం లోపలే ఉంది, సంతకం పెట్టి గ్రౌటింగ్ (గొట్టంలో సిమెంట్ పాలు నింపడం) చేసేస్తారు. కానీ రెండో చివర 12టీ13 కేబుల్‌కి (12 స్ట్రాండ్లది) 100 కేఎన్ పైన తక్కువ ఉంటుంది. స్పాన్ మధ్యలో నష్టం 2.6 అనుకున్నది నిజానికి 5.9.

జాక్_మాస్టర్
సరే, ఎలాంగేషన్ ఒక్కటే చాలదు. అయితే సైట్ చేతిలో ఇంకో ఆయుధం ఉంది, అది మీరెవరూ చెప్పలేదు. మొదటి గర్డర్ మొదటి కేబుల్‌కి రెండు వైపులా జాక్‌లు పెట్టి, ఒక వైపు నుంచి లాగి రెండో వైపు ప్రెజర్ చదువుతాం. ఎంత ఫోర్స్ అటు చేరిందో నేరుగా తెలుస్తుంది. ఫ్రిక్షన్ టెస్ట్. 5 శాతమా 11 శాతమా అనేది అక్కడ దాగదు. చాలా చోట్ల ఇది కాగితం మీద చేసి వదిలేస్తున్నారు. డిజైన్ చేసేవాళ్లు పట్టుబట్టి అడగాలి. అడిగితే చేస్తాం, అడక్కపోతే కాంట్రాక్టర్ తొందరలో పోతుంది.

రిటైర్డ్_ఈఈ_కావలి
బంగారం లాంటి మాట. డ్రాయింగ్ నోట్స్‌లోనే రాయండి ఈ టెస్ట్ చేసి రీడింగులు పంపాలని.

స్తంభాల_యార్డ్
కావలి దగ్గర కరెంటు స్తంభాలు పోస్తాం, ప్రీటెన్షన్ (తీగలు ముందే లాగి, తర్వాత కాంక్రీట్ పోయడం). మాకు సాఫ్ట్‌వేర్ అంటూ పెద్దగా లేదు, ఎక్సెల్ షీటు ఉంది. ఐఎస్ 1678 ప్రకారం స్తంభాన్ని పడుకోబెట్టి, మొదలు బిగించి, కొనకి 600 మి.మీ. ఇవతల లాగి చూస్తారు. పగులు ఎప్పుడొచ్చింది, ఎంతకి విరిగింది, కళ్ల ముందే తేలిపోతుంది. గర్డర్‌ని అలా విరగ్గొట్టలేరు కాబట్టి మీకు ఈ కష్టాలు.

ఒక సందేహం. పోయినసారి ఒక డిజైనర్ మా స్తంభాన్ని పెద్ద సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూపించాడు. కొన దగ్గర కూడా పూర్తి ఫోర్స్ ఉన్నట్టు గ్రాఫ్ వచ్చింది. అది సరేనా?

లెక్కల_పంతులు
కాదు. ప్రీటెన్షన్‌లో యాంకర్ ఉండదు. తీగ కాంక్రీట్‌ని పట్టుకుని ఫోర్స్‌ని మెల్లగా అప్పజెప్తుంది. చివర సున్నా, ట్రాన్స్‌మిషన్ పొడవు దాటాక పూర్తి ఫోర్స్. ఐఎస్ 1343లో ప్లెయిన్, ఇండెంటెడ్ తీగలకి వ్యాసానికి 100 రెట్లు, స్ట్రాండ్‌కి 30 రెట్లు అని ఉంటుంది. మీది 4 మి.మీ. తీగ అయితే 400 మి.మీ. వరకు. కొన దగ్గర పూర్తి ఫోర్స్ చూపించిందంటే అతను పోస్ట్‌టెన్షన్ ఆప్షన్ వాడి ఉండాలి. పరీక్ష చాలా తేలిక: ప్రీటెన్షన్ పెట్టి, చివర ఫోర్స్ సున్నా ఉందా లేదా చూడడమే.

ఫైనలియర్_పిల్లోడు
యాంకరేజ్ స్లిప్‌కి (బిగించేటప్పుడు కేబుల్ కొంచెం వెనక్కి జారడం) కూడా ఇలాంటి చిన్న పరీక్ష ఉందా సార్

సింగరాయకొండ_ఎక్స్‌ప్రెస్
ఉంది. ముందు ఘర్షణ సున్నా చేసి స్లిప్ 6 మి.మీ. ఇవ్వు. 6 × 195000 ÷ 20000 = 58.5 ఎంపీఏ. కేబుల్ అంతటా సమానంగా తగ్గాలి. తర్వాత ఘర్షణ మళ్లీ పెట్టు. ఇప్పుడు స్లిప్ ప్రభావం యాంకర్ నుంచి 11.7 మీటర్ల దాకానే వెళ్తుంది, యాంకర్ దగ్గర తగ్గేది సుమారు 200 ఎంపీఏ. ఘర్షణ రేఖకి అద్దంలో బొమ్మలా గ్రాఫ్ వంగి రావాలి. కొన్ని ప్రోగ్రాముల్లో ఘర్షణ ఉన్నా 58.5నే అంతటా తీసేసే ఆప్షన్ ఉంటుంది. గ్రాఫ్ చూస్తే తెలిసిపోతుంది.

పెన్నా_గట్టు
11.73 మీటర్లు వచ్చింది. గ్రాఫ్ కూడా అలాగే ఉంది.

మా సార్‌కి చూపించాను. ముందు "ఇవన్నీ ఎందుకు" అన్నారు, 5.2 – 11.5 విషయం చెప్పాక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. మీ అందరికీ మలై కాజా బాకీ.

జాక్_మాస్టర్
నాకు అర కేజీ. ఫ్రిక్షన్ టెస్ట్ చెప్పింది నేనే.

ఒంగోలు_రాఫ్టర్
కంటిన్యువస్ గర్డర్ చేసేవాళ్లకి ఏం పరీక్ష? మా దగ్గర రెండు స్పాన్ల వంతెన ఒకటి నడుస్తోంది.

ప్రూఫ్_కళ్లద్దాలు
అదే బీమ్‌ని రెండు స్పాన్లు చేయండి, 20 + 20. కేబుల్ మూడు సపోర్టుల దగ్గరా సున్నా ఎక్సెంట్రిసిటీ, ఒక్కో స్పాన్ మధ్యలో 300. ఇక్కడ సెకండరీ మూమెంట్ (మధ్య సపోర్ట్ బీమ్‌ని అడ్డుకోవడం వల్ల వచ్చేది) పుడుతుంది. మధ్య సపోర్ట్ దగ్గర కేబుల్ సెంట్రాయిడ్ మీదే ఉంది కాబట్టి ప్రైమరీ (కేబుల్ నేరుగా ఇచ్చే మూమెంట్) సున్నా. వచ్చేదంతా సెకండరీనే, దాని విలువ పి ఇంటూ ఈ, అంటే 480 కేఎన్ మీటర్ సాగింగ్ (బీమ్‌ని కిందికి వంచే దిశ). రియాక్షన్లు చివర్లలో 24 పైకి, మధ్యలో 48 కిందికి. మొత్తం సున్నా.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది అల్టిమేట్ (విరిగే దశ) చెకింగ్‌లో. సెకండరీని విడిగా తీసి లోడ్ మూమెంట్‌కి కలపాలి. ప్రీస్ట్రెస్ మొత్తం మూమెంట్‌ని కలిపితే కేబుల్ బలాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. మీ సాఫ్ట్‌వేర్ ప్రైమరీ, సెకండరీ విడివిడిగా చూపిస్తుందో లేదో ముందు చూసుకోండి.

ఒంగోలు_రాఫ్టర్
చూపిస్తుంది. రేపు 24, 48, 24 వస్తాయో లేదో చూసి ఇక్కడే రాస్తా.

నాయుడుపేట_నోట్స్
టాపిక్ కొంచెం పక్కకి. 2021 నవంబర్ పెన్నా వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, కోవూరు దగ్గర హైవే దెబ్బతిన్నాయి. మనం ఇక్కడ 0.1 మి.మీ. గురించి మాట్లాడుకుంటున్నాం. అసలు ప్రమాదం నీళ్ల దగ్గర లేదా?

రిటైర్డ్_ఈఈ_కావలి
ఉంది. అప్పుడు దెబ్బతిన్నది కట్టలు, అప్రోచ్‌లు. హైడ్రాలజీ తప్పితే గర్డర్ ఎంత బాగున్నా రోడ్డు తెగుతుంది. దానికి వేరే చర్చ పెట్టు, నేనూ వస్తాను. కానీ ఒకటి. వరద కంటికి కనిపిస్తుంది, జనం ఆగిపోతారు. గర్డర్ లోపల తగ్గిన ఫోర్స్ ఎవరికీ కనిపించదు. పగులు వచ్చేదాకా బస్సులు నడుస్తూనే ఉంటాయి. కృష్ణపట్నం వైపు ఉప్పుగాలిలో ఆ పగులు తీగల దాకా వెళ్తే తుప్పు మొదలవుతుంది. అందుకే దీన్ని చిన్న విషయంగా చూడలేను.

సింగరాయకొండ_ఎక్స్‌ప్రెస్
సాఫ్ట్‌వేర్‌ని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసిన ఉదాహరణ స్లీప్నర్ ఏ. నార్వే. సముద్రంలో చమురు, గ్యాస్ తీసే ప్లాట్‌ఫామ్‌కి కాంక్రీట్ పునాది. 1991 ఆగస్టు 23న స్టావంగర్ దగ్గర నీళ్లలో దించి పరీక్షిస్తుంటే ఒక గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. ప్రాణనష్టం లేదు. ఫైనైట్ ఎలిమెంట్ మోడల్‌లో ఆ గోడ దగ్గర మెష్ (మోడల్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) సరిగ్గా లేక షియర్ 47 శాతం తక్కువ వచ్చింది. తర్వాత జాగ్రత్తగా లెక్క వేస్తే 62 మీటర్ల లోతులో విరగాలని వచ్చింది. నిజంగా విరిగింది 65 మీటర్ల దగ్గర.

గుండ్లకమ్మ
దాంట్లో ప్రోగ్రామ్ తప్పు లేదు కదా అన్నా. మెష్ వేసింది మనిషి.

సింగరాయకొండ_ఎక్స్‌ప్రెస్
నేననేదీ అదే. ఇక్కడ కె విషయంలో కూడా ప్రోగ్రామ్ తప్పు లేదు. ప్రోగ్రామ్‌ని ఒక్కదాన్నే వెరిఫై చేస్తే సరిపోదు, ప్రోగ్రామ్ + మన అలవాట్లు కలిపి వెరిఫై చేయాలి.

ప్రూఫ్_కళ్లద్దాలు
పెన్నా_గట్టు గారూ, మీ గర్డర్ మీద స్లాబ్ తర్వాత పోస్తారు కదా. స్టేజీలు ఎలా ఇచ్చారు? నా దగ్గరికి వచ్చిన ఒక మోడల్‌లో గర్డర్, స్లాబ్ మొదటి రోజు నుంచే కలిసి ఉన్నట్టు పెట్టారు. పచ్చి స్లాబ్ బరువు మోసేది గర్డర్ ఒక్కటే. ఉదాహరణకి పచ్చి స్లాబ్ మీటరుకి 8 కేఎన్ అనుకోండి. పంతులు గారి బీమ్‌లో కింద 6 ఎంపీఏ టెన్షన్ ఇస్తుంది. కలిసిన సెక్షన్ జెడ్ ఒకటిన్నర రెట్లనుకుంటే 4 మాత్రమే చూపిస్తుంది. 2 ఎంపీఏ మాయం. దీనికీ ఒక చేతి లెక్క జతచేయండి.

పెన్నా_గట్టు
స్టేజీలు విడిగానే ఇచ్చాం సార్. పరీక్ష బీమ్ మీద కూడా చేశాను, 6.0 వచ్చింది.

క్రీప్ (బరువు కింద కాంక్రీట్ మెల్లగా కుంగడం), ష్రింకేజ్ (ఆరి కుంచించుకోవడం) దగ్గర ఆగిపోయాను. చేతి లెక్కకీ దానికీ 7 శాతం తేడా ఉంది. దీన్ని ఎలా రాయాలి?

లెక్కల_పంతులు
అక్కడ దశాంశం దాకా పట్టుబట్టకండి. చేతి లెక్కలో మనం ఒకే అడుగులో వేస్తాం. సాఫ్ట్‌వేర్ కాలాన్ని ముక్కలు చేసి, తగ్గిన ఫోర్స్‌తో మళ్లీ మళ్లీ వేస్తుంది. కొంచెం తేడా సహజం. ముందు విడగొట్టి చూడండి. క్రీప్, ష్రింకేజ్ సున్నా చేసి రిలాక్సేషన్ (లాగి ఉంచిన తీగలో కాలంతో ఫోర్స్ తగ్గడం) ఒక్కటే ఉంచండి. లో రిలాక్సేషన్ స్ట్రాండ్, 70 శాతం దగ్గర 1000 గంటలకి 2.5 శాతానికి మించకూడదని ఐఎస్ 14268 అంటుంది, సాఫ్ట్‌వేర్ ఇన్‌పుట్ ఆ విలువతో మొదలవుతోందా చూడండి. తర్వాత ష్రింకేజ్ ఒక్కటే. స్ట్రెయిన్‌ని 195 జీపీఏతో గుణిస్తే నష్టం, దాదాపు అంతే రావాలి. చివరగా క్రీప్. ఎక్కడ తేడా పుట్టిందో తేలాక గాలిలో తేమ శాతం, లోడ్ వేసిన వయసు రెండూ ఒకటే ఇచ్చారో లేదో చూడండి. నూటికి తొంభై సార్లు అక్కడే ఉంటుంది.

ఒంగోలు_రాఫ్టర్
24, −48, 24 వచ్చాయి. ఘర్షణ కూడా వేశాను, మాది మన కోడ్ రూపమే, 11.5. ఇంకో సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూపిస్తే ఇంత శ్రమ లేకుండా సరిపోదా?

ప్రూఫ్_కళ్లద్దాలు
ఒకే మనిషి ఒకే అంకెలు రెండు సాఫ్ట్‌వేర్లలో ఇస్తే రెండూ ఒకే తప్పు చెప్పొచ్చు. స్వతంత్రమైన చెకింగ్ అంటే ఇంకో దారిలో వచ్చిన జవాబు. చేతి లెక్క, లేదా ఇంకొకరు చూడకుండా వేసిన మోడల్. ఆ పరీక్ష ఫైళ్లు దాచుకోండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అవే మళ్లీ రన్ చేసి పాత జవాబులతో పోల్చండి. రిపోర్టులో వెర్షన్ నంబర్ రాయండి, ఏది పరీక్షించలేదో అది కూడా రాయండి.

పెన్నా_గట్టు
క్రీప్ తేడా దొరికింది. చేతి లెక్కలో లోడ్ వయసు 28 రోజులు, సాఫ్ట్‌వేర్‌లో స్టేజ్ నుంచి 14 తీసుకుంది. ఒకటే చేస్తే తేడా 2 శాతానికి వచ్చింది. రిపోర్టు రాస్తున్నాను, మెలిక ప్రొఫైల్ ఉన్న కేబుళ్లు, టార్షన్ పరీక్షించలేదని విడిగా రాశాను. గర్డర్‌లో ఘర్షణ సరిచేశాక మధ్యలో కింద కంప్రెషన్ తగ్గింది కానీ ఇంకా హద్దులోనే ఉంది.

ఇప్పుడు అసలు భయం వేరే. ఇదే సాఫ్ట్‌వేర్‌తో రెండు నెలల ముందు ఇంకో ఫైలు వెళ్లింది, ఆత్మకూరు వైపు చిన్న వంతెన. దాంట్లోనూ కె 0.0046 గానే ఉంది. సార్ ఒప్పుకున్నారు, రేపు రాతపూర్వకంగా తెలియజేస్తున్నాం. సైట్‌లో గర్డర్లు ఎంతవరకు వచ్చాయో ఇంకా తెలియదు.

జాక్_మాస్టర్
పోయకపోతే ఏమీ కాదు, కేబుల్ డ్రాయింగ్ మార్చి పంపండి. పోసి ఇంకా లాగకపోతే రెండు చివర్ల నుంచీ లాగించండి, మధ్యలో నష్టం మారదు కానీ చివర్లు తేరుకుంటాయి. లాగేసి గ్రౌట్ చేయకుండా ఉంటే ఆపమని ఈ రోజే ఫోన్ చేయండి, లెటర్ రేపు వెళ్లినా పర్లేదు.

రిటైర్డ్_ఈఈ_కావలి
గ్రౌట్ కూడా అయిపోయి ఉంటే స్ట్రెసింగ్ రిజిస్టర్ తెప్పించుకో అమ్మా. ప్రతి కేబుల్ ప్రెజర్, ఎలాంగేషన్ అందులో ఉంటాయి. 135 దగ్గర వచ్చాయా, 139 దగ్గర వచ్చాయా అన్నట్టుగా మీ గర్డర్ లెక్కతో పోల్చితే నిజమైన ఘర్షణ ఎంతో ఒక అంచనా వస్తుంది. దాంతో స్ట్రెస్‌లు మళ్లీ వేసి చూడు. హద్దు దాటితే లోడ్ టెస్ట్ అడగండి. రిజిస్టర్ దొరికితే అంకెలు ఇక్కడ పెట్టు, అందరం కలిసి చూద్దాం.